కుడి మూత, ఎడమ మూత

మడివాళ సందులో మూడో అంతస్తు పీజీ.
బోరు నీళ్లకు బకెట్టు అంచున తెల్లగా ఉప్పు కడుతుంది,
కొళాయి మెడకు, మగ్గు అడుగుకు,
స్నానమయ్యాక నా మోచేతులకు కూడా.
ఈ నీళ్లతోనే బియ్యం కడుగుతాం, బట్టలు పిండుతాం.
లెన్సును మాత్రం వీటి దరిదాపుల్లోకి పోనీయను.

"నీరు బేడమ్మా" అన్నాడు జయనగర్‌లో కళ్లద్దాల నంజుండయ్య,
రైలుకు ఎర్రజెండా ఊపినట్టు రెండు చేతులూ ఊపి.
"కొళాయి నీళ్లొద్దు, కాచిన నీళ్లొద్దు, క్యాను నీళ్లూ వద్దు.
ఉమ్ము అసలే వద్దు."
ఉమ్ము ఎవరు వాడతారని నవ్వాను.
ఆయన నవ్వలేదు.

హిందూపురంలో కంట్లో నలక పడితే
దోసిట్లో నీళ్లు పట్టి రెప్పలాడించమనేది జేజి.
ఇరవై నాలుగేళ్లు కంటికి నీళ్లే మందు,
ఇప్పుడా మందుకే పత్యం.
"కంట్లో పొరొస్తే అందరూ తీయించుకుంటారు,
నువ్వు దుడ్డిచ్చి పెట్టించుకుంటివా!" అని
ఫోనులో ఆమె ఆశ్చర్యం ఇంకా తీరలేదు.

రాత్రి పదకొండున్నర.
సిల్క్‌బోర్డు దుమ్మంతా ముఖాన మోసుకొచ్చి
ముందు చేతులు.
సబ్బు నురగ వేళ్ల సందుల్లోకి, గోళ్ల కిందికి.
తువ్వాలు వద్దు, నూగు రాలుతుంది. కాగితం రుమాలు.
ఒక్క చుక్క తడి మిగలకూడదు.
ఎప్పుడూ కుడికన్నే ముందు.
మూడుంపావు కుడి, రెండున్నర ఎడమ.
ఒకనాడు తారుమారై, పొద్దంతా
ఆఫీసు మెట్లు ఒక పక్కకు ఒరిగి
గోడ పట్టుకొని దిగాను.

అరచేతి గుంటలో లెన్సు, దాని మీద సొల్యూషన్.
చూపుడువేలితో, పిల్లికి గడ్డం కింద నిమిరినట్టు,
ఒకవైపు, తిప్పి ఇంకోవైపు.
పగలంతా పట్టుకున్నవన్నీ అప్పుడు వదులుతుంది:
డీజిల్ పొగ, కాటుక నలుసు,
ఏసీ గాలి ఎండగట్టిన జిగురు,
మా మేనేజరు ముఖం.

డబ్బాలో నిన్నటి సొల్యూషన్ పారబోయాలి.
ఉంది కదా అని దాని మీదే కొత్తది పోయకూడదు.
నేను పోశాను.
జీతానికింకా ఆరు రోజులు,
సీసా అడుగున నాలుగు చుక్కలు,
ఎవరైనా పోస్తారు.
మూడోనాటికి కుడికన్నులో కుంకుడురసం పడినట్టు మంట.
రమీజా సెల్లు వెలుగులో చూసి "దానిమ్మ గింజే!" అంది.
నంజుండయ్య తిట్టి డాక్టరు దగ్గరికి తోలాడు.
తొమ్మిది రోజులు పాత కళ్లద్దాలు,
ఒక కాడకు దారం చుట్టినవి.
కొత్త డబ్బా, కొత్త సీసా, చుక్కల మందు.
నాలుగు చుక్కలు మిగిల్చినందుకు పద్దెనిమిది వందలు.

అప్పట్నుంచి రమీజా వంటపని పంచింది:
"మిరపకాయలు నావి, ఉల్లిగడ్డలు నీవి."
లెన్సులున్నంత సేపు ఉల్లికి నాకు కన్నీళ్లు రావు.
కిలో కోసినా రావు.

మొన్న గురువారం పనిలోంచి తీసేశారు.
పదకొండు మందికి ఒకటే మెయిలు,
నా పేరులో ఒక అక్షరం తప్పు.
బస్సులో బిగబట్టాను, మెట్ల మీద బిగబట్టాను.
తలుపేసేసరికి ఏడుపు గొంతుదాకా వచ్చేసింది.
ఉండు, అన్నాను దానితో.
సబ్బు. వేళ్ల సందులు. గోళ్ల కింద. కాగితం రుమాలు.
కుడి. రుద్దు, తిప్పు, రుద్దు, కడుగు, మూత బిగించు.
ఎడమ.
ఇక రా, అన్నాను.
వచ్చింది గానీ సగమే వచ్చింది.
తక్కిన సగం ఏ నురగతో పోయిందో.

రమీజా వచ్చి లైటు వేయబోయి ఆగింది.
నాకప్పుడు ఆమె, గుమ్మంలో పచ్చటి చున్నీ అంత మసక.
"తిన్నావా?" అంది ఆ మసక.

పొద్దున లెన్సులు పెట్టుకొని
డబ్బాను సొల్యూషన్‌తోనే కడిగి
కాగితం మీద బోర్లించాను,
పక్కన రెండు మూతలూ, ఆరడానికి.
సీసాలో ముప్పావు ఉంది.
ఇరవై రోజులొస్తుంది,
పొదుపు చేయకుండా వాడితే.